ఎవరూ వేయమనని ముద్ర

కొత్తగా ప్రభుత్వ ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు సంగారెడ్డిలో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ, సర్వీసులో మీరు చూసిన పెద్ద కేసు ఏది సార్ అని అడుగుతారు. కర్ఫ్యూ సంగతో, మంత్రిగారి పర్యటనలో జరిగిన గొడవో చెబుతానని వాళ్ళ ఆశ. నేను చెప్పేది ఒక రబ్బరు ముద్ర కథ. సగం విన్నాక వాళ్ళ మొహాలు కొంచెం వాడిపోతాయి కానీ చివరిదాకా కూర్చుంటారు, ఎందుకంటే అందులో తప్పు చేసినవాణ్ణి నేనే. పెద్దవాళ్ళ తప్పులు వినడమంటే పిల్లలకు సరదా.

ఎనభైల చివర్లో సంగతి. అప్పటికి నాకు పదిహేనేళ్ళ సర్వీసు ఉంది. సంగారెడ్డిలో ఒక పెద్ద కార్యాలయంలో శాంతిభద్రతల కాగితాలు చూసే సెక్షన్‌కు నన్ను సీనియర్ అసిస్టెంట్‌గా వేశారు. ఆ సెక్షన్‌కు వేరే గది, వేరే బీరువా, దానికి రెండు తాళాలు. రహస్యం కాగితాలు టైపిస్టులకు ఇవ్వకూడదు, మేమే కొట్టుకోవాలి. కొట్టాక కార్బన్ పేపర్లు కాల్చేయాలి. పంపేటప్పుడు రెండు కవర్లు. లోపలి కవరు మీద రహస్యమని ముద్ర, లక్క సీలు. పై కవరు మాత్రం పెళ్ళి పత్రిక పంపినంత మామూలుగా కనిపించాలి.

మా సూపరింటెండెంటు పాతకాలం మనిషి. ఉర్దూ మీడియంలో చదివాడు, చేతిరాత ముత్యాలు. చేరిన రోజే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఈడ టైపు కొట్టిన మాట ఇంటికి పోయినంక భార్యకు గూడ చెప్పొద్దు. సమఝైందా?" అన్నాడు. సమఝైందన్నాను. నిజం చెప్పాలంటే సమఝ్ కావడం కాదు, నాకు తలకెక్కింది. నేను క్యాంటీన్‌లోకి అడుగుపెడితే పక్క సెక్షన్ల వాళ్ళు మాటలు ఆపేసేవారు. ఎవరికీ తెలియనివి నాకు తెలుసని వాళ్ళ భయం. అసలు నాకు తెలిసినవి పెద్దగా ఏమీ ఉండేవి కావు. అయినా ఏదో ఉన్నట్టు మొహం పెట్టుకుని టీ తాగేవాణ్ణి.

ఆ నెలలోనే కొత్త ముద్ర వచ్చింది. పాతదాని అక్షరాలు అరిగిపోతే హైదరాబాదులో చేయించి తెప్పించారు. చెక్క పిడి, ఎర్ర సిరా, ‘రహస్యము’ అని లావుపాటి అక్షరాలు. చిన్నపిల్లవాడికి ఈల దొరికినట్టయింది నాకు. అవసరమున్నదానికీ లేనిదానికీ వేసేవాణ్ణి. సెలవు చీటీ మీద కూడా ఒకసారి వేశాను. లక్క సీలు వేసే మా దఫేదారు అది చూసి, "సారు, నా బీడీ కట్టకు గూడ ఒకటి కొట్టుండ్రి, ఎవ్వలు ముట్టరు" అన్నాడు. గదిలో అందరం నవ్వాం. ఆ నవ్వు తర్వాత చాలా ఏళ్ళు నాకు గుర్తొచ్చేది.

ఇక కేసు. పాశమైలారం పారిశ్రామికవాడకు ఆనుకుని ఒక ఊరు. పేరు చెప్పను. ఊళ్ళో ఒక పక్క పాత రైతుల ఇళ్ళు, ఇంకో పక్క ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళ కిరాయి గదులు. అక్కడి క్రైస్తవ కుటుంబాలు ఒక పది, పన్నెండు కలిసి ప్రార్థన కోసం రేకుల షెడ్డు వేసుకున్నాయి. అందులో ముందు నిలబడింది ఆ ఊరి ప్రాథమిక పాఠశాలలో చదువు చెప్పే టీచరమ్మ, ఆమె భర్త. భర్త ఒక కెమికల్ ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. సెలవు రోజుల్లో తన చేత్తోనే ఇనుప పైపులు వెల్డింగ్ చేసి షెడ్డు నిలబెట్టాడు. స్థలం వాళ్ళకు అమ్మింది ఊళ్ళో పెద్ద రైతు. అందరూ ఆయనను పటేల్ అనేవారు.

షెడ్డు వేసిన ఏడాదికి ఒక అర్జీ వచ్చింది. ఈ షెడ్డు వల్ల ఊళ్ళో మనశ్శాంతి లేదని, జనాన్ని మతం మారుస్తున్నారని, వెంటనే తీయించాలని. కింద నలభైకి పైగా వేలిముద్రలు. మండలం ఆఫీసు నుంచి మనిషి వచ్చి, విచారణ పూర్తయ్యేదాకా అని చెప్పి షెడ్డుకు తాళం వేసి పోయాడు. విచారణకు మా ఆఫీసు నుంచి ఒక డిప్యూటీ కలెక్టరుగారిని వేశారు. రాసుకోవడానికి ఆయన వెంట నేను వెళ్ళాను.

బడి వరండాలో బల్ల వేసుకుని మూడు రోజులు కూర్చున్నాం. గాలి ఫ్యాక్టరీల వైపు నుంచి తిరిగితే కళ్ళు మండేవి, ఆయన జేబురుమాలు ముక్కుకు పెట్టుకునే ప్రశ్నలు అడిగేవారు. చాలా నిదానమైన మనిషి. వేలిముద్రల వాళ్ళందరినీ ఒక్కొక్కరినే పిలిపించారు. మొదట వచ్చిన ముసలామె అర్జీ ఏమిటని అడిగితే, "బోరింగు కోసరం ఏలు పెట్టిన సారు, ఎప్పుడేస్తరు?" అని ఎదురడిగింది. రెండో మనిషీ బోరింగే అన్నాడు. మూడో మనిషీ అంతే. నీళ్ళ బోరింగు వేయించమని అడిగే కాగితమని చెప్పి ఎవరో ఇంటింటికీ తిరిగి వేలిముద్రలు తీసుకున్నారు. షెడ్డు ఉంటే మీకేమైనా ఇబ్బందా అంటే, ఆదివారం డోలక్ వాయిస్తారు, పిల్లలు పోయి చూస్తారు అన్నారు, అంతకుమించి ఏమీ లేదు. ఆ కాగితం రాయించిన పెద్దమనిషి ఎవరో, ఆయన లారీలకు ఆ స్థలం ఎందుకు కావలసివచ్చిందో నివేదికలో ఉంది. ఆయన ఇప్పుడు లేడు, కనుక ఆ ఒక్కటీ రహస్యంగానే ఉంచుతాను.

మూడో రోజు పటేల్ వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి. పంచె, తలకు రుమాలు, భుజం మీద గొంగడి. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కానీ ఆ రోజు మాట్లాడాడు. భూమి తనే అమ్మానని, వాళ్ళు అక్కడ ఏం కట్టబోతున్నారో తెలిసే అమ్మానని చెప్పాడు. బొంతపల్లి వీరభద్రుని జాతరకు పోయే బండ్లు ఆ దారినే వెళ్తాయని, ఎండలో టీచరమ్మ ఇంటి ముందు కుండల్లో నీళ్ళు పెడతారని, తన ఎడ్లు కూడా అక్కడే తాగుతాయని చెప్పాడు. ఆఖర్న ఒక మాట అన్నాడు. అది విని డిప్యూటీ కలెక్టరుగారు పెన్ను కిందపెట్టి కాసేపు ఆయన్నే చూశారు. ఆ మాట ఆయన అన్నది అన్నట్టే రాసుకొమ్మని నాకు చెప్పారు.

సంతకం పెట్టించుకునేటప్పటికి మా ఆఫీసరు చేతులు కడుక్కోవడానికి లేచి వెళ్ళారు. వరండాలో నేనూ పటేల్ మిగిలాం. సెక్షన్ మర్యాద నాకు గుర్తొచ్చింది. గొంతు తగ్గించి, "ఇక్కడ చెప్పింది బయట ఎవరికీ చెప్పొద్దు పటేలా. సర్కారు రహస్యం" అన్నాను. ఆయన నన్ను ఒకసారి పైనుంచి కిందకు చూసి, "చెప్ప" అన్నాడు. నాకా మాట అనమని ఎవరూ చెప్పలేదు.

తిరిగొచ్చాక డిప్యూటీ కలెక్టరుగారు నివేదికను చేత్తో రాసిచ్చారు. శుభ్రంగా, మెత్తగా రాశారు. స్థలం వాళ్ళది. అర్జీ మోసంతో పుట్టింది. ఊళ్ళో ఎవరికీ అభ్యంతరం లేదు. ఎవరి దేవుణ్ణి వాళ్ళు కొలుచుకునే హక్కు రాజ్యాంగం ఇచ్చింది, ఆ హక్కుకు తాళం వేయడానికి కారణమేమీ కనిపించలేదు, వెంటనే తీయించాలి. బోరింగు కూడా వేయించాలి అని చివర ఒక పేరా. ఆయన బదిలీ కాగితం ఆ వారమే వచ్చింది. నేను మూడు గంటలు కూర్చుని నివేదిక టైపు కొట్టి, ఎర్ర ముద్ర వేసి, సంతకానికి తీసుకువెళ్ళాను. ఆయన పెట్టె సర్దుకుంటూనే సంతకం చేశారు. "నీ దగ్గర అక్షరం తప్పు పోదయ్యా" అన్నారు. ఆ మెచ్చుకోలు నేను ఇంట్లో కూడా చెప్పుకున్నాను. అది సర్కారు రహస్యం కాదు కదా.

నివేదిక రెండు కవర్లలో పైకి వెళ్ళింది, ‘చూశాను’ అని ఒక చిన్న సంతకంతో కిందకు వచ్చింది, బీరువాలోకి పోయింది. తాళం వేసిన మండలం ఆఫీసుకు దాని సంగతే తెలియదు. అడిగినవాళ్ళకు, విషయం పై ఆఫీసులో రహస్య విచారణలో ఉందని వాళ్ళు చెప్పేవారు. కొత్త ఆఫీసరు వచ్చినప్పుడల్లా ఆ ఫైలు ఒకసారి బల్ల మీదికి వచ్చేది. పైన మతమని ఉండేది, పక్కన రహస్యమని ఉండేది. ఈ రెండు మాటలు ఒకేచోట కనపడితే ఏ ఆఫీసరైనా ఏం చేస్తాడు? తర్వాత చూద్దాం అని రాసి పక్కకు జరిపేవాడు. బదిలీలు త్వరగా అయ్యే కుర్చీ అది. తర్వాత చూసేవాడు ఎప్పుడూ ఇంకొకడే.

ఏడాదికి రెండుసార్లు, బడికి సెలవులిచ్చినప్పుడు, టీచరమ్మ వచ్చేది. ఇస్త్రీ చీర, చేతిలో గుడ్డ సంచి. గొడవ చేసేది కాదు. బెంచీ మీద కూర్చుని, "రిపోర్టు ఏమైంది సార్?" అని అడిగేది. నేను రహస్యమమ్మా అనేవాణ్ణి. "అదెవ్వరికి రహస్యం సార్? మా గురించి రాసింది మాకు గూడనా?" అని ఒకసారి అడిగింది. అందరికీ అమ్మా అన్నాను. ఆమె సంచి తీసుకుని లేచి వెళ్ళిపోయింది. ప్రార్థనలు ఆమె ఇంటి ముందు గదిలో జరిగేవి. గది చాలక సగం మంది వాకిట్లో కూర్చునేవారట. కోర్టుకు పొమ్మని చాలామంది చెప్పారు, రిపోర్టు వచ్చాక పోదామని ఆమె ఆగింది. ఇంకో కారణం కూడా ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఒక వేసవిలో వచ్చినప్పుడు మాటల్లో పటేల్ సంగతి చెప్పింది. విచారణ అయిన మరునాడే ఆమె భర్త వెళ్ళి, ఏం చెప్పినవు పటేలా అని అడిగాడట. పటేల్ తల పక్కకు తిప్పుకుని, చెప్పొద్దన్నరు అన్నాడట. మళ్ళీ అడిగితే లేచి ఇంట్లోకి పోయాడట. తాళం తీయలేదు, రిపోర్టు బయటికి రాలేదు, అడిగితే పటేల్ మొహం తిప్పుకున్నాడు. వీళ్ళు మూడింటినీ కలిపి చూసుకున్నారు. "మా మీదనే ఏదో చెప్పిండు సార్. లేకుంటే ఎందుకు దాస్తడు?" అంది. అప్పటినుంచి రెండిళ్ళకు మాటల్లేవు. పండగకు పటేల్ ఇంటి నుంచి వచ్చే సజ్జరొట్టెలు ఆగిపోయాయి. జాతర బండ్లకు కుండలు మాత్రం పెడుతూనే ఉన్నారట, కానీ పటేల్ బండి అక్కడ ఆగడం మానేసింది.

నాకు నాలుక చివరిదాకా వచ్చింది. ఆ వాంగ్మూలం టైపు కొట్టింది ఈ చేతులే. ఒక్క వాక్యం చెబితే చాలు, ఆ సాయంత్రమే రెండిళ్ళూ ఒకటయ్యేవి. నేను సూపరింటెండెంటు కుర్చీ వైపు చూసి, టీ తాగుతారా అమ్మా అని అడిగాను.

ఇంకో నాలుగేళ్ళకు ఆమె భర్త పోయాడు. గుండెనొప్పి. తను నిలబెట్టిన షెడ్డులో చివరి ప్రార్థన జరగాలని ఆయన కోరికట. తాళం వేసిన తలుపు ముందే, రోడ్డు పక్కన, టార్పాలిన్ కట్టి ప్రార్థన చేశారు. "పటేల్ రోడ్డుకు అవుతల నిలబడ్డడు సార్, రుమాలు తీసి చేతుల పట్టుకొని. రమ్మని నేను పిలువలే" అని ఆ సెలవుల్లో వచ్చినప్పుడు చెప్పింది. ఆమె ఏడవలేదు. ఆమె వెళ్ళాక నేను బీరువా తీసి పటేల్ వాంగ్మూలం ఉన్న రెండు పేజీలు చదువుకుని మళ్ళీ లోపల పెట్టాను. మీరు నన్ను పిరికివాడంటే కాదనను. రూలు ప్రకారం నడుచుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను.

తర్వాత నేను వేరే సెక్షన్లలో, వేరే ఊళ్ళలో పనిచేసి, చివరకు సూపరింటెండెంటుగా అదే గదికి తిరిగి వచ్చాను. దఫేదారు రిటైరయ్యాడు. టైపు మిషన్ పోయి కంప్యూటరు వచ్చింది. బీరువా మాత్రం అదే. ఫైలూ అదే. టీచరమ్మ కూడా రిటైరై, జుట్టు తెల్లబడి, అదే గుడ్డ సంచితో వస్తూనే ఉంది. ఈసారి వచ్చినప్పుడు బెంచీ మీద కూర్చోలేదు. నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి ఒక కాగితం ఇచ్చింది. సమాచార హక్కు చట్టం వచ్చిన కొత్త. దరఖాస్తులో రెండే వాక్యాలు ఉన్నాయి. మా ప్రార్థన షెడ్డు మీద రాసిన రిపోర్టు నకలు ఇప్పించగలరు. అది రహస్యమైతే, ఎవరు ఎందుకు రహస్యమన్నారో తెలుపగలరు.

మా సెక్షన్‌లో పిల్లలు మొదటి వాక్యం చదివి, లేదని రాసేద్దాం సార్ అన్నారు. నాకు రెండో వాక్యం ముల్లులా గుచ్చుకుంది. నిజమే, ఎవరన్నారు? డిప్యూటీ కలెక్టరుగారే అని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఆ ఆర్డరు తీసి జవాబులో రాద్దామని ఫైలు దించాను. మొదటి పేజీ నుంచి చివరి దాకా చూశాను. మళ్ళీ చివరి నుంచి మొదటిదాకా చూశాను. రహస్యంగా ఉంచమని ఎవరూ, ఎక్కడా, ఒక్క ముక్క రాయలేదు. ముద్ర మాత్రం ఉంది. ఎర్రరంగు కొంచెం వెలిసింది.

ఫైలు అడుగున, ట్యాగుకు చివర, ఆయన చేత్తో రాసిన చిత్తుప్రతి దొరికింది. ఆఖరి పేజీ కింద నాలుగు వరుసలున్నాయి. ఒక ప్రతి అర్జీదారులకు, ఒక ప్రతి షెడ్డు పెద్దలకు, ఒక ప్రతి తాళం తీయడానికి మండలం ఆఫీసుకు, ఒక ప్రతి ఊళ్ళో చదివి వినిపించి పంచాయతీ గోడకు అంటించడానికి. ఆ నాలుగు వరుసల మీదా పెన్సిల్ గీత అడ్డంగా కొట్టి ఉంది. గీత చివర పొట్టి సంతకం. నాది.

అప్పుడు అంతా కళ్ళకు కట్టింది. రహస్యం కాగితాల కింద ఎవరెవరికి ప్రతులు వెళ్తాయో రాయకూడదని మా సెక్షన్ పద్ధతి. కొత్త ముద్ర చేతిలో ఉంది, మతం సంగతి గనుక రహస్యమే అయ్యుంటుందని నాకు నేనే అనుకున్నాను. రహస్యమైతే ప్రతులు ఉండకూడదు. ఆయన మరిచిపోయి రాశారేమో, నేను సరిచేస్తున్నాను అనుకుని కొట్టేశాను. ఆఫీసుల్లో ఒకసారి ముద్ర పడ్డాక అది ఎవరు వేశారని ఎవరూ అడగరు. వేసినవాడు కూడా అడగడు. పద్దెనిమిదేళ్ళు ఆ షెడ్డుకు వేలాడింది నా ముద్ర.

నా రిటైర్మెంటుకు నాలుగు నెలలుంది. మిత్రుడొకడికి చెబితే తల పట్టుకున్నాడు. చిత్తుప్రతి సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు, కుదరదని రాసెయ్, అప్పీలుకు పోతుంది, అప్పటికి నువ్వు ఇంట్లో మనవడితో ఆడుకుంటుంటావు అన్నాడు. ఒప్పుకుంటే శాఖాపరమైన చర్య, పింఛను ఆగడం, ఇవన్నీ లెక్కపెట్టి చెప్పాడు. స్నేహితుడిగా చెప్పాడు, తప్పేమీ లేదు. రెండు రోజులు నేను అదే చేద్దామనుకున్నాను. కుదరదని జవాబు కూడా రాశాను. కారణం అని ఉన్నచోట ఏం రాయాలో తోచలేదు. కారణం లేదు, ఉన్నది నేను. రోడ్డుకు అవతల రుమాలు చేతిలో పట్టుకుని నిలబడ్డ మనిషి కళ్ళముందు కదిలాడు. ఆ కాగితం చింపేసి కొత్తది తీసుకున్నాను. ఈ నివేదికను రహస్యమని ఏ అధికారీ ఉత్తరువు ఇవ్వలేదు, ముద్ర వేసినదీ ప్రతుల వరుసలు కొట్టివేసినదీ ఈ కింద సంతకం చేస్తున్న నేనే, దీనిని ఇవ్వడానికి అభ్యంతరం లేదు అని నోట్ రాశాను. కింద ఈసారి పొట్టి సంతకం కాదు, పూర్తి పేరు రాశాను.

అప్పటి మా ఆఫీసరు చిన్న వయసు అమ్మాయి, నా కూతురి ఈడు. నోట్ చదివి, చిత్తుప్రతి చదివి, పెన్సిల్ గీతను దగ్గరగా పెట్టుకుని చూసింది. ముద్ర ఎందుకు వేశారని అడిగింది. కొత్తగా ఉండె మేడం అన్నాను. ఆమె నవ్వాపుకుందో, కోపమాపుకుందో తెలియలేదు. చివరకు, "మీ మీద నేను ఏం చర్య తీసుకోవాలో ఈ చిత్తుప్రతిలోనే ఉంది. నాలుగో వరుస చదవండి" అంది. చదివాను. ఊళ్ళో చదివి వినిపించాలి. "మీరే వెళ్ళి చదవండి" అని ఫైలు మీద ఉత్తరువు రాసింది. తాళం తీయమని మండలం ఆఫీసుకు ఇంకో ఉత్తరువు. నా సర్వీసు పుస్తకంలో ఇకముందు జాగ్రత్తగా ఉండవలెను అని ఒక వాక్యం పడింది. నాలుగు నెలలు చాలా జాగ్రత్తగా ఉన్నాను.

ఒక ఆదివారం పొద్దున వెళ్ళాను. ఊరు గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. చేలు ఉన్నచోట గోడలు, బీహార్, ఒడిశా నుంచి వచ్చిన కార్మికుల గదులు. బోరింగు ఎవరో ఎప్పుడో వేసినట్టున్నారు, పసుపుపచ్చ నీళ్ళొస్తాయని ఎవరూ ముట్టడం లేదు. షెడ్డు మాత్రం నిలబడే ఉంది. పైపుల వెల్డింగు చెక్కుచెదరలేదు. తాళం మాత్రం ఆ గాలికి తుప్పుపట్టి ముద్దయింది. మండలం ఆఫీసు మనిషి తాళంచెవి పోయిందని ముందే చెప్పాడు, అందుకని ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసే ఒకాయన హెక్సా బ్లేడు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు.

షెడ్డు వాళ్ళూ, ఊరి వాళ్ళూ వచ్చారు. పటేల్‌ను కొడుకు కుర్చీలోనే మోయించుకొచ్చి రోడ్డు పక్కన దించాడు. కాళ్ళు పడిపోయాయి, చూపు మందగించింది. టీచరమ్మ ఇటువైపు, ఆయన అటువైపు. ఆమె ఆయన వైపు చూడలేదు. నేను చదవడం మొదలుపెట్టే ముందు దగ్గరికి వచ్చి మెల్లగా అంది, "ఎంత చెడ్డగ రాసి ఉన్నా చదువుండ్రి సార్. మేము తయారుగనే ఉన్నం." అప్పుడు తెలిసింది ఆమె కోర్టుకు ఎందుకు పోలేదో. రిపోర్టు తమకు వ్యతిరేకమని ఇన్నేళ్ళూ నమ్మింది. మంచి మాటను ఎవరైనా బీరువాలో పెట్టి తాళం వేస్తారని ఆమె ఎట్లా అనుకుంటుంది?

ముందు నా తప్పు చెప్పాను. తర్వాత చదివాను. బోరింగు వేలిముద్రల దగ్గర జనం నవ్వారు. హక్కు గురించి రాసిన పేరా దగ్గర టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత పటేల్ వాంగ్మూలం వచ్చింది. పేజీ తిప్పి నోరు తెరిచేలోపు కుర్చీలోంచి ఆయన చెయ్యి లేచింది.

"సారు, ఇగ చెప్పొచ్చునా?"

నా గొంతు గుర్తుపట్టాడు. నేను కాగితం కిందకు దించి, "చెప్పు పటేలా" అన్నాను.

ఆయన టీచరమ్మ ఉన్న దిక్కుకు మొహం తిప్పుకున్నాడు. భూమి అమ్మిన సంగతి చెప్పాడు, కుండల నీళ్ళ సంగతి చెప్పాడు. ఆఖరి మాట దగ్గరికి వచ్చాడు. "జాగ అమ్మేటప్పుడు నిమ్మలంగ పాడుకోండ్రి, మొక్కుకోండ్రి అని నేను మాటిచ్చిన. తాళం పడ్డది షెడ్డుకు కాదు సారు, నా మాటకు."

నేను చేతిలో కాగితం చూసుకున్నాను. అక్షరం తేడా లేదు.

టీచరమ్మ రోడ్డు దాటి వెళ్ళి ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. "ఇన్నేండ్లు గీ మాట కడుపుల పెట్టుకొని ఎట్లున్నవ్ పటేలా? మా ఆయన పోయిననాడన్న చెప్పకపోతివి" అంది.

ఆయన నా వైపు చెయ్యి చూపించాడు. "సారు చెప్పొద్దన్నడు గద."

అందరూ నా వైపు చూశారు. తలవంచుకుని నిలబడ్డాను. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, అంటే బాగుండేది. పటేలే కాసేపటికి, ఎండ కొడుతున్నది, తాళం కొయ్యుండ్రి అన్నాడు. ఫిట్టరు బ్లేడు అందుకున్నాడు. రెండు నిమిషాల్లో తాళం కింద పడింది. టీచరమ్మ ఒకవైపు, పటేల్ కొడుకు ఒకవైపు పట్టుకుని, ఆ కుర్చీని అందరికంటే ముందు లోపలి నీడలోకి తీసుకెళ్ళారు.